కొన్న కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ అంతా క్రాక్ అని తెలిసింది, ఒరిజినల్స్ కొనాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

డీటీపీ_తెనాలి:

అందరికీ నమస్కారమండి. నాది తెనాలిలో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, కరపత్రాలు, స్కూళ్ళ క్వశ్చన్ పేపర్లు, పక్కన జిరాక్స్ మిషను, ఇదీ మా పని. పాత సిస్టమ్ మొరాయిస్తుంటే పోయినేడు అసెంబుల్డ్ కంప్యూటర్ ఒకటి తీసుకున్నాం, ట్వెల్త్ జెన్ ఐ3, 8 జీబీ ర్యామ్, మానిటర్‌తో కలిపి 42 వేలైంది. విండోస్, ఆఫీసు, ఫోటోషాప్, కోరల్‌డ్రా, పేజ్‌మేకర్, అను తెలుగు ఫాంట్లు, లెక్కలకి ట్యాలీ అన్నీ మేమే వేసిస్తాం మేడమ్, మీరు తీసుకెళ్ళి ప్లగ్గు పెట్టుకోవడమే అన్నారు, ఇచ్చిన రేటులో అన్నీ వచ్చేస్తాయనే అనుకున్నాం.

మొన్న స్క్రీన్ మీద మీ విండోస్ లైసెన్స్ త్వరలో ఎక్స్‌పైర్ అవుతుంది అని వచ్చింది. అమ్మినాయనకి ఫోన్ చేస్తే డీ డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్ ఉంటుంది, యాంటీవైరస్ ఆఫ్ చేసి అందులో ఫైలు రన్ చేసుకోండి, ఇంకో ఆర్నెల్లు చూసుకోనక్కర్లేదు అన్నాడు. యాంటీవైరస్ ఎందుకు ఆపాలండీ అంటే దానికి మాత్రం సమాధానం లేదు. మా తమ్ముడొచ్చి చూస్తే విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ హిస్టరీలో హ్యాక్‌టూల్, ఆటోకేఎంఎస్ అని ఎర్రగా కనిపించింది, పైగా సీ డ్రైవ్‌లో కొన్ని ఫోల్డర్లని స్కాన్ చెయ్యొద్దని ముందే సెట్టింగ్ పెట్టేసి ఉంది. బిల్లు తీసి చూస్తే కంప్యూటర్ సెట్ 1 అని ఒకటే లైను, సాఫ్ట్‌వేర్ ఊసే లేదు.

నాకు భయం ఎక్కడంటే, మా దగ్గరికి జనం ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు, సర్టిఫికెట్లు స్కానింగుకి ఇస్తారు. స్కూళ్ళవాళ్ళు పరీక్షకి వారం ముందు పేపర్లు నమ్మి మా చేతికిస్తారు. అవన్నీ ఉన్న మిషన్లో ఎవడు రాసిన ఫైలో నడుస్తుంటే రేపు ఏదన్నా అయితే ఎవరికి జవాబు చెప్పాలి? అందుకే ఒరిజినల్స్ కొనాలని గట్టిగా అనుకుంటున్నా, కానీ అన్నీ ఒకేసారి కొనే స్తోమత లేదు. ఏది ముందు కొనాలి, ఏది కొనకపోయినా పర్లేదు, ఆన్‌లైన్‌లో 500 కి అమ్మే కీలు పనికొస్తాయా, పాత పేజ్‌మేకర్ ఫైళ్ళ సంగతేంటి? ఇంట్లో సెకండ్‌హ్యాండ్ బ్రాండెడ్ ల్యాప్‌టాప్ కూడా ఒకటుంది, అందులోనూ వాళ్ళే వేసిచ్చారు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

సికింద్రాబాద్_సర్వీస్:

మేడమ్, నేను పార్క్ లేన్ దిక్కు చానా ఏండ్ల సంది సర్వీస్ చేస్తున్న, గిట్లాంటి సిస్టమ్స్ రోజూ వస్తయ్. ముందుగాల ఏం వేసిన్రో చూస్కోండి. స్టార్ట్ దగ్గర సీఎండీ అని కొట్టి, ఆ నల్ల విండోల ఎస్ఎల్ఎంజీఆర్ అని టైప్ చేసి స్పేస్ ఇచ్చి స్లాష్ డీఎల్‌వీ కొట్టుర్రి. ఒక డబ్బా వస్తది, అందుల డిస్క్రిప్షన్ అనే లైన్ల రీటైల్ (విడిగ కొన్నది) అనో ఓఈఎం (కంప్యూటర్‌తోనే వచ్చింది) అనో ఉంటే మంచిదే. వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్ అని ఉన్నదంటే అది పెద్ద కంపెనీలకిచ్చే రకం. వాళ్ళ ఆఫీసుల ఒక సర్వర్ ఉంటది, అన్ని కంప్యూటర్లు దాన్ని అడిగి 180 రోజులకి యాక్టివేట్ అయితయ్, మళ్ళ మళ్ళ అడుగుతనే ఉంటయ్. మీ షాపుల ఆ సర్వర్ ఎక్కడిది? ఆ క్రాక్ ఫైలు మీ సిస్టమ్‌లనే ఒక దొంగ సర్వర్ కూసోబెట్టి అడిగినప్పుడల్లా అవును అనిపిస్తది. ఆయన ఆర్నెల్లు అన్నది అందుకే.

ఇగ అసలు మాట. కీ కొని దీనిమీదనే ఎక్కిస్తే సరిపోతది అనుకోకుర్రి. క్రాక్ వేసినోడు ఇంకేమేం వేసిండో మనకి తెల్వది, డిఫెండర్ని గుడ్డిగ చేసి పెట్టిండంటే ఆ సిస్టమ్‌ని ఇగ నమ్మొద్దు. మొత్తం ఫార్మాట్ కొట్టుడే. మైక్రోసాఫ్ట్ సైట్ల మీడియా క్రియేషన్ టూల్ ఫ్రీగ దొరుకుతది, 8 జీబీ పెన్‌డ్రైవ్ పెడితే ఇన్‌స్టాలర్ అదే తయారైతది. అది మాత్రం వేరే మంచి కంప్యూటర్ల చేయుర్రి. ఫైళ్ళు, ఫోటోలు, ట్యాలీ డేటా ఫోల్డర్, బ్రౌజర్ల సేవ్ చేస్కున్న పాస్‌వర్డ్‌లు అన్నీ బయటికి తీస్కోండి, కానీ డాట్ ఈఎక్స్ఈ ఫైలు ఒక్కటి గూడ తీస్కపోవద్దు. ఫార్మాట్ అయినంక జీఎస్టీ పోర్టల్, బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు అన్నీ మార్చేయుర్రి.

అసెంబుల్డ్ సిస్టమ్‌కి విండోస్ 11 రీటైల్ తీస్కోండి. హోమ్ ఎడిషన్ అయినా మీ పనికి చాలు, పది వేలకి అటిటు ఉంటది. రీటైల్ ఎందుకంటున్న అంటే రేపు మదర్‌బోర్డ్ పోయినా కొత్తదానికి మార్చుకోవచ్చు, ఓఈఎం అయితే ఆ బోర్డుతోనే పోతది. మీది ట్వెల్త్ జెన్ కాబట్టి 11 ఎక్కుతది, బయోస్‌ల (మదర్‌బోర్డ్ సెట్టింగ్‌లల్ల) పీటీటీ అనే ఆప్షన్, అంటే విండోస్ 11 అడిగే సెక్యూరిటీది, ఆన్ ఉన్నదో లేదో చూస్కోండి. 10 జోలికి పోకుర్రి, దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

ల్యాప్‌టాప్ గురించి అడిగిన్రు గదా, దానికి పైసలు పెట్టే ముందు ఆగుర్రి. డెల్, హెచ్‌పీ, లెనోవో అసొంటి వాటిల చానా వాటికి కంపెనీల తయారైనప్పుడే విండోస్ కీ బయోస్‌ల ఉంటది. చానామంది మెకానిక్‌లు ఆ ఒరిజినల్ హోమ్ తీసేసి దానిమీద క్రాక్ ప్రో వేస్తరు. హోమ్ ఎడిషన్ క్లీన్‌గ ఇన్‌స్టాల్ చేసి నెట్ పెట్టుర్రి, బయోస్‌ల కీ ఉంటే దానంతటదే యాక్టివేట్ అయితది. రూపాయి ఖర్చు లేదు.

500 కీలు వద్దు. అవి ఎక్కడో కంపెనీకిచ్చిన వాల్యూమ్ కీలనో, స్టూడెంట్‌లకి ఇచ్చినవనో ముక్కలు ముక్కలు చేసి అమ్ముతరు. ఇయ్యాల యాక్టివేట్ అయితది, రేపు బ్లాక్ అయితది, చేతిల బిల్లు ఉండదు.

గుంటూరు_ఆఫ్‌సెట్:

అక్కా నేను చెప్పేది వేరేగా ఉంటది, ఏమనుకోవద్దు. మన లైన్లో ఎవరన్నా కొంటున్నారా? వీధికి నాలుగు డీటీపీలు, ఒక పేజీ టైపింగ్‌కి నలభై అడిగితే ముప్పైకి చేసేవాడు పక్కనే ఉంటాడు. శుభలేఖ మీద కార్డుకి రూపాయో రెండో మిగిలితే గొప్ప. ఫోటోషాప్ నెల నెలా కట్టాలి, కోరల్ కొనాలంటే అప్పు చెయ్యాలి. పేజ్‌మేకర్ అయితే అసలు కొందామన్నా అమ్మేవాడే లేడు, కంపెనీ ఎప్పుడో ఆపేసింది, ఇంక అది ఎవరిదని కొంటాం? నా సిస్టమ్‌లు పదేళ్ళ నుంచి ఇలాగే నడుస్తున్నాయి, ఎవరూ వచ్చి అడిగింది లేదు. నెట్ తీసేసి వాడుకోండి, వైరస్ గొడవ ఉండదు. ఆ డబ్బు పెట్టి మంచి ప్రింటర్ కొనుక్కోండి, కనీసం నాలుగు డబ్బులు వస్తాయి.

డీటీపీ_తెనాలి:

గుంటూరు అన్నయ్యగారూ, మీరు చెప్పిన రేట్ల సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం, నేనూ ముప్పైకే కొడుతున్నా. కానీ నెట్ తీసేసి మా షాపు ఎలా నడుస్తుందండీ, సగం గిరాకీ వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ ప్రింటు తీయించుకునేవాళ్ళే. ఇంకోటి, తెలియనప్పుడు సంగతి వేరు, ఇప్పుడు తెలిసింది. తెలిసాక రోజూ పొద్దున్నే ఆ సిస్టమ్ ఆన్ చెయ్యాలంటేనే నాకు మనసొప్పట్లేదు.

సికింద్రాబాద్ అన్నయ్యా, చాలా థ్యాంక్స్. చూసాను, వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్ అనే ఉంది. ల్యాప్‌టాప్ సంగతి ఆదివారం షాపు కట్టేసాక చూస్తాం.

పద్దులు_చూసేవాణ్ణి:

అమ్మా, నేను ట్యాక్స్ ఫైలింగ్ పని చేస్తాను, మీలాంటి షాపుల లెక్కలు చాలా చూస్తుంటాను కాబట్టి నాలుగు మాటలు.

తెలిసాక సంగతి వేరు అని మీరన్నారే, చట్టంలో కూడా సరిగ్గా అదే ఉంది. 1957 కాపీరైట్ చట్టంలో 63బీ సెక్షన్ అని ఒకటుంది, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారానికి కాకుండా ఇంట్లో వాడుకున్నవాళ్ళకైతే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదిలే వీలు కోర్టుకి ఇచ్చారు. షాపుకి ఆ వెసులుబాటు లేదు. ఎవరూ వచ్చి అడగలేదు అని గుంటూరాయన అన్నారు, అడగకపోవడం వేరు, తప్పు కాకపోవడం వేరు. పేజ్‌మేకర్‌ని కంపెనీ అమ్మడం ఆపేసినా హక్కు వాళ్ళదే, మార్కెట్లో లేదు కదా అని ఊరికే వాడుకునే వీలు రాదు.

ఏది కొన్నా మీ షాపు పేరు మీద, మీ జీఎస్టీ నంబరు వేయించి ట్యాక్స్ ఇన్‌వాయిస్ తీసుకోండి. సాఫ్ట్‌వేర్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, మీరు రెగ్యులర్‌లో ఉంటే అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కొస్తుంది, కాంపోజిషన్‌లో ఉంటే రాదు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కంప్యూటర్‌తో పాటు సాఫ్ట్‌వేర్‌కి కూడా 40 శాతం తరుగుదల చూపించుకోవచ్చు. ఇవన్నీ తీసేస్తే చేతినుంచి పోయేది మీరు భయపడినంత ఉండదు. అమ్మేవాడి జీఎస్టీ నంబరు పోర్టల్‌లో కొట్టి చూడండి, నిమిషం పని.

ఆఫీస్ కొనేటప్పుడు ఒక మెలిక ఉంది. హోమ్ అండ్ స్టూడెంట్ 2021 అనేది వ్యాపారానికి వాడే లైసెన్స్ కాదు, షాపుకైతే హోమ్ అండ్ బిజినెస్ తీసుకోవాలి. డబ్బు పోసి కొని కూడా లైసెన్స్ తప్పయితే ఏం లాభం. నన్నడిగితే అసలు ఆఫీసు కొనకండి, లిబ్రెఆఫీస్ ఉచితం, షాపులోనూ వాడుకోవచ్చు, బయోడేటాలకీ లెటర్లకీ బాగానే సరిపోతుంది.

ట్యాలీలో మీ పద్దు ఎంతుందో చూసుకోండి. లైసెన్స్ లేకుండా ఎడ్యుకేషన్ మోడ్‌లో పెడితే నెలలో ఒకటి, రెండు, 31 తారీఖులే ఎంట్రీ తీసుకుంటుంది, దాంతో షాపు లెక్క నడవదు. మీ టర్నోవర్‌కి ఎక్సెల్ లాంటి షీటు చాలు, రిటర్నులు పోర్టల్‌లోనే నేరుగా వేసుకోవచ్చు.

ఇక అమ్మినాయన. ముందు వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి, ఫలానా ఫలానా సాఫ్ట్‌వేర్‌తో ఇస్తామని చెప్పారు, లైసెన్స్ లేదని తేలింది, లైసెన్స్ అయినా ఇవ్వండి, లేదా ఆ మేరకు డబ్బయినా ఇవ్వండి అని. ఫోన్లో మాట్లాడితే రేపు ఋజువుండదు. వినకపోతే 1915 కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వ్యాపారానికి కొన్నావు కాబట్టి నువ్వు వినియోగదారు కాదు పో అంటారేమో అని భయం వద్దు, స్వయం ఉపాధితో బతుకు వెళ్ళదీసుకోవడానికి కొన్నవాళ్ళని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. కేసు రెండేళ్ళ లోపు వెయ్యాలి, 5 లక్షల లోపు వస్తువుకి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు.

అక్షరాల_పని:

నేను కొంతకాలం తెలుగు ఫాంట్లు గీసే పనిలో ఉన్నాను, అందుకే ఈ త్రెడ్ చదివి ఊరుకోలేకపోయా. అందరూ విండోస్ గురించీ ఫోటోషాప్ గురించీ మాట్లాడుతున్నారు, అవి ఎక్కడో అమెరికా కంపెనీలు, మనం కట్టకపోయినా బతికేస్తారు. కానీ మీ సిస్టమ్‌లో క్రాక్ చేసి వేసిన తెలుగు ఫాంట్ల ప్యాకేజీ మనవాళ్ళు తయారుచేసింది. ఇంగ్లీషుకి 26 అక్షరాలు చిన్నవీ పెద్దవీ గీస్తే ఒక రూపం వచ్చేస్తుంది, మనకి అలా కాదు కదా, ప్రతి హల్లుకీ తలకట్టు, గుడి, ఏత్వం ఎక్కడ కూర్చోవాలో విడిగా చూడాలి, వత్తులన్నీ వేరేగా గీయాలి, కలిపితే వందల్లో రూపాలు. స్త్రీ అనే ఒక్క అక్షరం తీసుకోండి, స మీద గుడి దీర్ఘం, కింద త వత్తు, దాన్ని తగలకుండా క్రారవడి చుట్టుకురావాలి, పన్నెండు పాయింట్లలో అచ్చేస్తే సిరా పూడుకుపోకూడదు, పెద్ద బ్యానర్ మీద వేస్తే ఖాళీగా కనపడకూడదు. ఆ ఒక్కదాని మీదే మధ్యాహ్నమంతా కూర్చున్న రోజులున్నాయి. తెలుగు మార్కెట్టే చిన్నది, అందులో కొనేవాళ్ళు ఇంకా తక్కువ, అందుకే కొత్త ఫాంట్లు గీసేవాళ్ళు ఒక్కొక్కరుగా వేరే పనుల్లోకి వెళ్ళిపోయారు. డీటీపీవాళ్ళకి ముప్పై రూపాయలు ఇవ్వడానికి జనం ఏడుస్తారని మనం బాధపడతాం, ఫాంటు గీసినాయన బాధ కూడా అదేనండి.

కాబట్టి డబ్బుంటే విండోస్ తర్వాత మీరు కొనాల్సింది తెలుగు ఫాంట్ల ప్యాకేజీ. కంపెనీ దగ్గరో వాళ్ళ డీలరు దగ్గరో బిల్లుతో కొనండి, విండోస్ 11 లో నడిచే వెర్షనేనా అని అడిగి మరీ తీసుకోండి.

డబ్బు లేకపోతే దొంగది వాడాల్సిన పని కూడా లేదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, ధూర్జటి, గురజాడ, సురవరం, రవి ప్రకాష్, పొన్నల, ఎన్టీఆర్ ఇలా చాలా తెలుగు ఫాంట్లున్నాయి, అన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో వచ్చినవి, అచ్చుకి వాడుకోవచ్చు, శుభలేఖ మీద వేసి అమ్ముకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. హెడ్డింగులకి రామభద్ర నిండుగా ఉంటుంది, లోపల మేటరుకి మండలి బాగా చదువుకోవడానికి వస్తుంది. ఇవి యూనికోడ్, అంటే ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ ఒకేలా చెల్లే అక్షరాల పద్ధతి, కాబట్టి కస్టమరు వాట్సాప్‌లో పంపిన తెలుగు మేటరు మళ్ళీ టైపు కొట్టక్కర్లేదు, కాపీ చేసి పేస్ట్ చేస్తే అలాగే వచ్చేస్తుంది. మీకు ఎంత టైము మిగులుతుందో చూడండి.

పుస్తకాల_పని:

పేజ్‌మేకర్ ఫైళ్ళ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. నేను కథల పుస్తకాలు, సావనీర్లు పేజీలు పెడుతుంటాను, ఇదే దారిలో వచ్చినవాణ్ణి.

పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001 లో, ఆ తర్వాత దానికి పెద్ద వెర్షన్ రాలేదు. దాని ఫైళ్ళని ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా నేరుగా తెరిచేది, ఇప్పుడు అద్దెకిచ్చే ఇన్‌డిజైన్ తెరవదు. కాబట్టి ఇన్‌డిజైన్ కొంటే పాతవి వచ్చేస్తాయి అని ఎవరన్నా చెప్తే నమ్మకండి. లిబ్రెఆఫీస్‌లో డ్రా అని ఉంటుంది, అది పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరుస్తుంది, పేజీలు పెట్టే స్క్రైబస్ అనే సాఫ్ట్‌వేర్ కూడా తెరుస్తుంది. డిజైను అక్కడక్కడా చెదురుతుంది, కానీ మేటరు చేతికొస్తుంది. అను ఫాంట్లలో కొట్టిన మేటరు యూనికోడ్ కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినట్టు ఉంటుంది, ఆ ఫాంటు లేని చోట పిచ్చి గీతల్లా కనిపిస్తుంది, కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌కి మార్చుకోవాలి. మార్చాక ఒకసారి కళ్ళతో చదవాల్సిందే, వత్తుల దగ్గర తేడాలొస్తాయి. అన్నీ కూర్చుని మార్చకండి, ఏ కస్టమరు మళ్ళీ వస్తే వాళ్ళ ఫైలు అప్పుడు మార్చుకోండి, సగం ఫైళ్ళ కోసం ఎవరూ రారు.

కొత్త పనికి స్క్రైబస్ 1.6 వేసుకోండి, ఉచితం. పాత 1.4 లో తెలుగు వత్తులు విడిపోయేవి, ఇప్పుడు సరిగ్గా కూర్చుంటున్నాయి, నేను పుస్తకాలు ఇందులోనే చేస్తున్నా. ప్రెస్సుకి కావాల్సిన సీఎంవైకే (సియాన్, మెజెంటా, ఎల్లో, నలుపు సిరాల) పీడీఎఫ్ ఇస్తుంది, అది ముఖ్యం. ఇంక్‌స్కేప్‌లో డిజైను అద్భుతంగా చేయొచ్చు, తెలుగు కూడా బాగా వస్తుంది, కానీ అది ఆర్‌జీబీలో (స్క్రీన్ రంగుల్లో) పనిచేస్తుంది కాబట్టి అక్కడ చేసిన బొమ్మని స్క్రైబస్‌లోకి తెచ్చుకుని అక్కణ్ణుంచి పీడీఎఫ్ తీయండి. కోరల్ ఫైళ్ళు ఇంక్‌స్కేప్ కొన్ని తెరుస్తుంది, కొన్నిట్లో ఎఫెక్టులు పోతాయి. పాస్‌పోర్ట్ ఫోటోలకి, మచ్చలు తీయడానికి గింప్ చాలు.

చేతికి కొత్త కాబట్టి మొదట్లో చిరాకు వస్తుంది, పేజ్‌మేకర్‌లో పది నిమిషాల పని ఇక్కడ గంట పడుతుంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కదా, అప్పుడు మొదలుపెట్టండి, శ్రావణం వచ్చేసరికి చెయ్యి తిరుగుతుంది. సీజన్‌లో మాత్రం మారకండి.

గుంటూరు_ఆఫ్‌సెట్:

ఆ ఫాంట్ల గురించి రాసింది చదివాక నాకు కాస్త ఆలోచన వచ్చింది. ఫోటోషాప్ మాటేమో గానీ ఫాంట్లకైతే కట్టొచ్చు, అది న్యాయమే. పుస్తకాల అన్నా, ఆ స్క్రైబస్‌లో నాలుగు మడతల కరపత్రం చేసే పద్ధతి విడిగా ఒక పోస్టు పెట్టు, చూస్తాను.

డీటీపీ_తెనాలి:

అందరికీ పేరుపేరునా థ్యాంక్సండి. ఎంతవరకు వచ్చిందో చెప్తా.

ల్యాప్‌టాప్‌లో హోమ్ వేసి నెట్ పెట్టగానే యాక్టివేట్ అయిపోయింది, బయోస్‌లోనే కీ ఉంది, అంటే ఒరిజినల్ ఉన్న మిషన్ మీద ఇన్నాళ్ళూ క్రాక్ నడిచింది. షాపు సిస్టమ్‌కి విండోస్ 11 హోమ్ రీటైల్ మా జీఎస్టీ నంబరు వేయించి బిల్లుతో కొన్నాం, మొత్తం ఫార్మాట్ చేసాం, పాస్‌వర్డ్‌లన్నీ మార్చాం. అమ్మినాయన ముందు మాటలు దాటేసాడు, వాట్సాప్‌లో పద్ధతిగా రాసి 1915 మాట కూడా రాస్తే విండోస్ డబ్బులో సగం వెనక్కి ఇచ్చాడు. మిగతా సగం గురించి ఇంకా అడుగుతూనే ఉన్నా. ఆఫీసు కొనలేదు, లిబ్రెఆఫీస్ బాగానే ఉంది. తెలుగు ఫాంట్ల ప్యాకేజీకి డీలర్‌తో మాట్లాడాం, వచ్చే నెల తీసుకుంటాం, అప్పటిదాకా మండలి, రామభద్రతోనే పని.

స్క్రైబస్‌లో మొదటి శుభలేఖ చేసి విజయవాడ ప్రెస్సుకి పంపాను. వాళ్ళు ఫోన్ చేసి అక్షరాల నలుపు నాలుగు రంగుల్లో విడిపోయి వస్తోంది, చిన్న అక్షరాలు మసకేస్తాయి, మార్చి పంపండి అన్నారు. పుస్తకాల అన్నయ్యా, ఇది ఎక్కడ మార్చాలి?

పుస్తకాల_పని:

మేటరు ఇంక్‌స్కేప్‌లో పెట్టి తెచ్చినట్టున్నారు, అందుకే ఆర్‌జీబీ నలుపు వచ్చింది. బొమ్మలు, బోర్డర్లు అక్కణ్ణుంచి తెచ్చుకోండి గానీ అక్షరాలు మాత్రం స్క్రైబస్‌లోనే టైపు చేయండి. ఎడిట్ మెనూలో కలర్స్ ఓపెన్ చేసి కొత్త రంగు ఒకటి సీఎంవైకేలో చేసుకోండి, కే (నలుపు) 100, మిగతా మూడూ సున్నా, దాన్నే అన్ని అక్షరాలకీ ఇవ్వండి. రిజిస్ట్రేషన్ అని ఒక నలుపు లిస్టులో కనిపిస్తుంది, అది వాడొద్దు, అది నాలుగు ప్లేట్ల మీదా పడుతుంది. పంపే ముందు ప్రింట్ ప్రివ్యూలో బ్లాక్ టిక్కు ఒక్కటి తీసేసి చూడండి, అక్షరాలన్నీ పూర్తిగా మాయమైతే ప్రెస్సుకి పంపేయొచ్చు.